పద్నాలుగో బిళ్ళ

తొమ్మిదో భాగం

పోయిన వారం మమ్మల్నందరినీ పడవ ఎక్కించి మీ దగ్గర సెలవు తీసుకున్నాను. మధ్యలో ఏడు రోజులు గడిచాయి కాబట్టి ఎవరం ఎవరమో మళ్ళీ ఒకసారి చెబుతాను. మరిచిపోవడం తప్పు కాదు, మరిచిపోయినట్టు నటించడం తప్పు. ఆ రెండో విద్యలో నాకు పదకొండేళ్ళ అనుభవం ఉంది.

మా అన్నయ్య కూతుర్ని, అంటే నా మేనకోడల్ని, ఇంట్లో పిచ్చుక అంటాం. పిల్ల చిన్నది, నోరు పెద్దది. ఇరవై నాలుగేళ్ళు వచ్చాయి, మందుల కంపెనీలో ఉద్యోగం చేస్తోంది, తెరచాపలు కుట్టి బతికే ఒక అబ్బాయిని పెళ్ళి చేసుకుంటానంది. వాళ్ళమ్మ, అదే మా వదిన, అబ్బాయిని చూసింది, మాట్లాడింది, నెమ్మదస్తుడని మెచ్చుకుని సరేనంది. ఆ తర్వాత అతను ఎవరింటి పిల్లవాడో తెలిసింది. రేవులో పడవ నడిపే సరంగు తమ్ముడి కొడుకు. పదకొండేళ్ళ కిందట మా అన్నయ్యను సరస్సు మధ్య దీవి మీద వదిలేసి, తక్కిన జనంతో రేవుకు వచ్చేసిన సరంగు! ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

పిచ్చుక ఏడ్చింది, అలిగింది, తిండి మానేసింది. మూడూ పని చెయ్యకపోయేసరికి బేరానికి దిగింది. "ఒక్కసారి ఆయనతో ఎదురుగా కూచుని మాట్లాడమ్మా. ఆ తర్వాత కూడా నువ్వు వద్దంటే వద్దు" అంది. సరంగు నేల మీద నోరు విప్పే మనిషి కాడు. అందుకని సూర్యాస్తమయం పడవలో మూడు చోట్లు తీసుకుని, తోడుగా మేనత్తను నన్ను కూడా లాక్కొచ్చింది.

ఇక నా సంగతి. ఇది ఆ పడవలో ఎవరికీ తెలియదు, మీకు తప్ప. ఆ రోజుల్లో సరంగు పడవ పెద్దది, పద్దెనిమిది మంది పట్టేవారు. రేవులో రేకుల షెడ్డు గోడకు ఒక చెక్క పలక, దానికి పద్దెనిమిది మేకులు, మేకుకో బిళ్ళ, బిళ్ళ మీద నంబరు ఉండేవి. ఎక్కేటప్పుడు ఎవరి బిళ్ళ వాళ్ళు మెడలో వేసుకోవాలి. దిగాక తెచ్చి అదే మేకుకు తగిలించాలి. పలక నిండితే అందరూ వచ్చేసినట్టు. సరంగు పలక చూసుకుని షెడ్డుకు తాళం పెట్టేవాడు. అన్నయ్యది పద్నాలుగు, నాది పదిహేను. ఆ సాయంత్రం పడవ దీవి దగ్గర అరగంట ఆగినప్పుడు అన్నయ్య తన బిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు. నేను రేవుకొచ్చి రెండూ తగిలించాను. నేను లైబ్రరీలో పని చేస్తాను. చేతిలో నంబరున్న వస్తువు ఉంటే, దాని చోట దాన్ని పెట్టేదాకా నాకు ఊపిరాడదు.

మర్నాడు మధ్యాహ్నం అన్నయ్య రెల్లు దుబ్బుల దగ్గర శవమై దొరికాడు. దీవి ఒడ్డున చొక్కా మడతపెట్టి, దాని మీద చెప్పులు పెట్టి, ఈదుకుంటూ బయల్దేరాడు. విచారణలో సరంగు "పలక నిండి ఉందండీ" అని ఒకటే మాట. మనిషి దీవి మీద ఉంటే బిళ్ళ మేకు మీదకి ఎలా వచ్చిందన్నారు. షెడ్డులో మారు బిళ్ళలు ఉంటాయి కదా, తప్పు కప్పిపుచ్చుకోవడానికి నువ్వే తెల్లారాక తగిలించావన్నారు. లైసెన్సు పోయింది. ఆ గదిలోనే నేను మా వదిన చెయ్యి పట్టుకుని కూచున్నాను. నన్నడిగితే, "జనంలో దిగుంటాడనుకున్నానండీ, స్నేహితుడి ఇంటికి వెళ్తానన్నాడు" అని చెప్పాను. గొంతు కూడా వణకలేదు.

ఇప్పుడు నిజం చెబితే సరంగు తప్పు లేదని తేలుతుంది, పిచ్చుక పెళ్ళి జరుగుతుంది. చెబితే వదిన నాకు దక్కదు. అన్నయ్య పోయిన నాటి నుంచి ఆవిడకు నేనూ, నాకు ఆవిడా. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. చలికాలంలో శాలువా కూడా ఒకటే.

పడవ ఎక్కేటప్పుడు ఏమైందో పోయినసారి చెప్పాను. సరంగుకు లైసెన్సు తిరిగొచ్చి రెండేళ్ళే అయింది. ఇప్పుడు చిన్న పడవ, ఆరుగురికి మించి ఎక్కించుకోడు. బిళ్ళలు లేవు, పలక లేదు. ఒక్కొక్కరి మొహంలోకి చూసి "ఉన్నారా?" అంటాడు, వాళ్ళు "ఉన్నాను" అనాలి. మా వదిన అనలేదు. ముసలాయన చుక్కాని పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చివరికి పిచ్చుక "మా అమ్మ ఉంది లెండి, కనిపిస్తోందిగా" అంటే, తలూపి మోకు విప్పాడు.

మాతోపాటు ఒక పళ్ళ డాక్టరూ ఆయన భార్యా ఎక్కారు. పాపం, వాళ్ళు నిజంగానే సూర్యాస్తమయం చూడటానికి వచ్చినవాళ్ళు. డాక్టరుగారు ఫోను పైకెత్తి, సూర్యుణ్ణి ఇంకాస్త ఎడమకు జరగమన్నట్టు అటూ ఇటూ తిప్పుతున్నాడు. మధ్యమధ్య అలవాటు కొద్దీ అందరి పళ్ళూ చూస్తున్నాడు. నేను నోరు మూసుకునే కూచున్నాను. పళ్ళ భయం కాదు నాది.

తెరచాప దగ్గర అబ్బాయి నిలబడ్డాడు. రోజూ పడవ మీద పని చేసేవాడు కాదు గానీ, కొత్త చాప కుట్టాడు కాబట్టి ఇవాళ తనే కట్టి చూపిస్తానని పెదనాన్నను ఒప్పించాడు. పిచ్చుక మొహం అతని వైపు లేదు. చెవులు మాత్రం అటే ఉన్నాయి.

దీవిని చుట్టి వెనక్కి తిరుగుతుండగా గాలి పడిపోయింది. ఉన్నట్టుండి చాప ఆరేసిన దుప్పటిలా వేలాడింది. నీళ్ళు కదలడం మానేశాయి. ఎర్రటి వెలుతురులో దీవి మీద ప్రతి చెట్టూ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంది. వదిన అటు చూడలేదు. ఈ పదకొండేళ్ళలో ఆవిడ సరస్సు వైపున్న కిటికీ తలుపు కూడా తియ్యలేదు.

"తెడ్డు వెయ్యనా పెదనాన్నా?" అన్నాడు అబ్బాయి.

"తెడ్లు కింద పెట్టు బాబూ" అంది వదిన. "గాలి లేదని పరిగెత్తాల్సిన పనేం లేదు. నేను మాట్లాడటానికే వచ్చాను."

డాక్టరుగారు ఫోను దించాడు. ఆయన భార్య అప్పటిదాకా చెబుతున్న కబురు సగంలో ఆపేసింది.

"నన్ను రేవులోనే గుర్తుపట్టారు కదూ?" అంది వదిన సరంగుతో.

"పట్టానమ్మా."

"పట్టి కూడా ఎక్కించుకున్నారు."

"ఎక్కుతానన్నవాళ్ళని ఆపే మొహం నాకెక్కడిదమ్మా. అందులోనూ మిమ్మల్ని."

"ఒక్కటే అడుగుతాను. ఆ రోజు మీరు తలలు లెక్కపెట్టారా?"

"లేదమ్మా." ముసలాయన ఆలోచించకుండా చెప్పాడు. ఈ జవాబు ఎన్నోసార్లు తనకు తానే చెప్పుకున్నట్టుంది. "బిళ్ళలు చూశాను, మనుషుల్ని చూడలేదు. పలక నిండింది కదాని తాళం పెట్టాను. తప్పు నాదే."

"ఇప్పటికీ పలక నిండిందనే అంటారా?"

ఆయన చుక్కాని కర్రను అరచేత్తో నిమురుతూ కూచున్నాడు. విచారణ గదిలో చూసిన మనిషికీ ఈ మనిషికీ పోలిక లేదు. అప్పుడు మెడ నిటారుగా ఉండేది.

"అప్పట్లో గట్టిగా అన్నానమ్మా. ఇప్పుడు తెలీదు. అందరూ కాదు కాదంటుంటే నాకే అనుమానం పట్టుకుంది. మా ఇంటిది పోయేముందు అడిగింది. 'నిజంగా నిండిందా? నాతోనైనా చెప్పు' అంది. నిండిందే అన్నాను. తను అటు తిరిగి పడుకుంది. అంతే, మళ్ళీ మాట్లాడలేదు. అప్పట్నించీ కళ్ళు మూసుకుంటే పద్నాలుగో మేకు ఒకసారి నిండుగా కనిపిస్తుంది, ఒకసారి బోసిగా కనిపిస్తుంది. ఏది చూశానో, ఏది కల్పించుకున్నానో తేలదు. నేనే తగిలించానని మీరంటే... తగిలించానేమోనమ్మా."

"పెదనాన్నా, అలా అనకు!" అన్నాడు అబ్బాయి.

"విన్నావుగా పిచ్చుకా" అంది వదిన. గొంతులో గెలిచినట్టు ఏమీ లేదు, అలసట ఉంది. "ఆయనే ఒప్పుకుంటున్నాడు. మాటిచ్చావు నువ్వు. ఇక ఈ పెళ్ళి ఊసెత్తకు. తెడ్డు వెయ్యి బాబూ, ఇంటికి పోదాం."

పిచ్చుక నా వైపు చూసింది. చిన్నప్పుడు అమ్మ కేకలేస్తే నా వెనక దాక్కునేది, అదే చూపు. ఆ పిల్లకు నేనంటే ఎంత నమ్మకమో అప్పుడు నాకు సిగ్గేసింది.

ధైర్యం వచ్చి చెప్పానని మాత్రం అనుకోకండి. మేనకోడలి మీద ప్రేమతో చెప్పానన్నా పూర్తి నిజం కాదు. ఒక మనిషి తన కళ్ళను తనే నమ్మలేని గతికి వచ్చాడు. భార్య తనను నమ్మకుండా పోయింది. ఇదంతా నేను నోరు మూసుకుని కూచోవడం వల్ల జరిగిందని తెలిశాక, ఆ నోరు దానంతటదే తెరుచుకుంది.

"నేను తగిలించాను" అన్నాను.

"ఏం తగిలించారండీ?" అన్నాడు డాక్టరుగారు. ఆయన భార్య ఆయన తొడ మీద గిల్లింది.

"పద్నాలుగో బిళ్ళ. అన్నయ్య నా చేతికిచ్చాడు వదినా. రేవులో నేనే తగిలించాను. ఆ రాత్రి చెప్పలేదు. నువ్వు గుండెలు బాదుకుంటూ ఎవడు తగిలించాడని అడిగినప్పుడు చెప్పలేదు. విచారణలో చెప్పలేదు. ఆ తర్వాత రోజూ రేపు చెబుదామనుకున్నాను."

వదిన అరవలేదు. ఇద్దరం కలిసి కప్పుకున్న శాలువాలోంచి మెల్లగా బయటికి జరిగి, ఎదుటి బల్ల మీద డాక్టరుగారి భార్య పక్కకు వెళ్ళి కూచుంది. శాలువా అంతా నా మీదే మిగిలింది. అంత చలి నాకెప్పుడూ వెయ్యలేదు.

"నిండిందా అమ్మా?" అని వినబడింది. సరంగు నన్నే అడుగుతున్నాడు. "అయితే నిండిందా?"

"నిండింది సరంగుగారూ. పద్దెనిమిదీ నిండాయి. మీరు చూసింది నిజమే."

ఆయన తలపాగా గుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు, తుడుచుకుంటూనే ఉన్నాడు. "మా ఇంటిది ఈ మాట వినుంటే బావుండేది" అన్నాడు చివరికి. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం సుఖంగా ఉండేది. ఆ మాత్రం కూడా దక్కనివ్వలేదు ఆ పెద్దమనిషి.

"నీకెందుకిచ్చాడు?" అంది వదిన.

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. మీకు కూడా ఇప్పటిదాకా చెప్పనిది ఇదొక్కటే. చెబితే ఆవిడ ఏమైపోతుందోనన్న భయం ఒకవైపు, చెప్పే అర్హత నాకు లేదన్న భయం ఒకవైపు.

"నువ్వోసారి నవ్వావు, గుర్తుందా? ముగ్గురం సరంగుగారి పాత పడవ ఎక్కాం, అలకి అన్నయ్య రెండు చేతులతో బల్ల పట్టుకుని కూచున్నాడు. 'ఈయన్ని నమ్ముకుంటే బకెట్లో నీళ్ళు కూడా దాటలేను' అన్నావు."

"సరదాకన్నాను."

"సరదాగానే తీసుకున్నాడు. మీ పెళ్ళిరోజున నిన్ను తనే పడవలో తిప్పాలని ఈత నేర్చుకున్నాడు, తెరచాప నేర్చుకుంటున్నాడు. నెల రోజుల్నించీ, సాయంత్రం పూట గంటసేపు, దీవికి అవతలి వైపు. ఆ రోజు దీవి మీద నాతో చెప్పాడు. నాకు కోపమొచ్చింది. నలభై రెండేళ్ళొచ్చాయి, ఇంకా పిల్లచేష్టలా, వదినతో నేను అబద్ధాలాడాలా అని అరిచాను. నవ్వి బిళ్ళ నా చేతిలో పెట్టాడు. 'ఎక్కడిదక్కడ పెట్టడం నీకు అలవాటేగా, తగిలించెయ్. పలక బోసిగా ఉంటే సరంగు వెనక్కొచ్చి నా చెవులు మెలేస్తాడు' అన్నాడు. నేను మాట్లాడకుండా వచ్చేశాను. వెనక్కి తిరిగి కూడా చూళ్ళేదు వదినా. ఒక్కసారి కూడా చూళ్ళేదు."

వదిన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది. పక్కనున్నావిడ, ఎవరో ఏమిటో తెలియని మనిషి, ఆ చేతుల మీద తన చెయ్యి వేసింది. ఆ చెయ్యి నాది కావలసింది.

"ఆరోజు పొద్దున పెట్టెలోంచి ఎర్ర చొక్కా తీసుకున్నాడు" అంది వదిన, ఎవరితోనూ కాకుండా. "ఇవాళేం పండగ అని వెక్కిరించాను." కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ తలెత్తేసరికి ఆవిడ మొహం మారిపోయింది. మా వదిన ఏడుస్తూ కూడా ఆలోచించగలదు, నేను ఆవిడ దగ్గర నేర్చుకోలేకపోయిన విద్యల్లో అదొకటి.

"దీవి మీంచి ఎలా వద్దామనుకున్నాడు? పడవ వచ్చేసిందిగా."

"ఎవరో ఒకాయన చిన్న పడవ తెస్తాడన్నాడు. ఆయనే నేర్పుతున్నాడట. సరంగుకు తెలియకుండా తెచ్చే పడవ కాబట్టి బయటపెట్టొద్దన్నాడు."

"ఎవరాయన?"

"అడగలేదు. కోపంలో ఉన్నాను."

"ఎందుకు రాలేదు?"

ఆ ప్రశ్న నేను కూడా వెయ్యిసార్లు వేసుకున్నాను. ఎవరో బెస్తవాడై ఉంటాడు, భయపడి ఊరొదిలి పోయుంటాడు అని సర్దిచెప్పుకున్నాను. తప్పు నాదైనప్పుడు అందులో రెండో వాటాదారుణ్ణి వెతకడం నాకే నీచంగా అనిపించి ఊరుకున్నాను.

సరంగు తలపాగా గుడ్డను మోకాలి మీద పరిచి మడత పెట్టసాగాడు. పెద్ద మడత, చిన్న మడత, ఇంకా చిన్న మడత.

"అప్పట్లో సరస్సు మీద చాపున్న చిన్న పడవ ఒక్కటేనమ్మా" అన్నాడు. "నాదే. షెడ్డు వెనక కట్టేసి ఉండేది. ఎవరూ తియ్యకుండా నేనొక ముడి వేసేవాణ్ణి. ఆ ముడి విప్పడం తెలిసింది ఇద్దరికే."

మిగతాది చెప్పింది అబ్బాయి. చాప కొయ్యకు ఆనుకుని, మోకు చేతికి చుట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు: "రెండోవాడు మా నాన్న."

"నీకెలా తెలుసు?" అంది పిచ్చుక.

"ఇప్పుడే తెలిసింది." "ఆ రోజుకు నాకు పదిహేనేళ్ళు. ఒళ్ళు కాలిపోయే జ్వరం. అమ్మ ఊళ్ళో లేదు. సాయంత్రం నాన్న చొక్కా వేసుకుంటుంటే చెయ్యి పట్టుకున్నాను. 'ఒకాయన ఎదురుచూస్తుంటాడురా, గంటలో వచ్చేస్తా' అన్నాడు. నేను వదల్లేదు. ఏడ్చాను. 'సర్లే, ఆయన మీ పెదనాన్న పడవలో వచ్చేస్తాడులే' అని నా పక్కన కూచుండిపోయాడు. ఆ ఒకాయన ఎవరో నేనడగలేదు. ఆ తర్వాత నాన్న మళ్ళీ నీళ్ళ మీదకి రాలేదు. ఎందుకంటే నడుం నొప్పి అనేవాడు."

పెనం మీంచి పొయ్యిలో పడెయ్యడమంటే ఇదే. పిల్ల పెళ్ళి నిలబడుతుందనుకుని నిజం చెప్పాను. ఆ నిజం వెళ్ళి నేరుగా పెళ్ళికొడుకు ఇంటి గడపలో కూచుంది. పదకొండేళ్ళు నోరు మూసుకోవడం ఎంత తప్పో, ఇప్పుడు తెరవడం అంత తప్పేమో అనిపించింది. తప్పు చెయ్యడంలో కూడా వేళ తప్పినదాన్ని నేను.

"విచారణలో వాడు నా పక్కనే కూచున్నాడమ్మా" అన్నాడు సరంగు వదినతో. "లైసెన్సు తీసేశామని వాళ్ళు చదువుతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు. ఎంత ప్రేమో నా తమ్ముడికి అనుకున్నాను."

ఆ గది మళ్ళీ నా కళ్ళకు కట్టింది. ఒక బల్ల మీద నేను వదిన చెయ్యి పట్టుకుని, ఎదుటి బల్ల మీద ఆయన అన్న చెయ్యి పట్టుకుని. ఇద్దరం ఒకరినొకరం చూసుకునే ఉంటాం. ఒకరికొకరం పెద్దమనుషుల్లా కనబడే ఉంటాం.

పిచ్చుక లేచి అబ్బాయి పక్కకు వెళ్ళింది. చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయింది. అతను ఆ చేతిని చూశాడు గానీ అందుకోలేదు. ఆ పిల్ల నోట మాట రాకపోవడం పుట్టాక అదే మొదటిసారి.

అప్పుడు నా మెడ మీద చల్లగా తగిలింది. దీవి వైపు నుంచి గాలి. చాప ఒకసారి టపటపలాడి నిండింది, పడవ పక్కకు ఒరిగింది, నీళ్ళు చప్పుడు చేస్తూ వెనక్కి జరగడం మొదలుపెట్టాయి. ఎవరూ ఏమీ చెయ్యకుండానే మేం రేవు వైపు బయల్దేరాం.

"మీ నాన్న ఇప్పుడెక్కడున్నాడు?" అంది వదిన.

అబ్బాయి రేవు వైపు చెయ్యి చూపించాడు. "రేవులో ఉన్నాడండీ. నేనే రమ్మన్నాను. మీరు దిగగానే సంబంధం అడుగుదామని."

అందరం అటు చూశాం. రేవులో పడవలు ఆగే చెక్క బల్ల మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. మా పడవ కదలడం చూసి చెయ్యి పైకెత్తి ఊపాడు. నీళ్ళ అంచుకు మాత్రం రాలేదు, బల్ల మధ్యలోనే నిలబడ్డాడు.

"చాప దించరా" అన్నాడు సరంగు. "కాసేపు ఇక్కడే ఆగుదాం. నేను... నాకు కొంచెం వేళ కావాలి. దించు."

అబ్బాయి మోకు ముడి మీద చెయ్యి వేశాడు.

"దించకు" అంది వదిన. లేచి నిలబడింది. పడవ ఊగుతున్నా దేన్నీ పట్టుకోలేదు. "మీ అందరికీ పదకొండేళ్ళు వేళ దొరికింది. పోనివ్వు."